ఆయ్ అన్నాక

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసులో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయేసరికి అంతవరకూ వినపడని మాటలన్నీ వినపడ్డాయి. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన శ్రావణి కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. అవతలి మనిషి ఏదో కాగితం గురించి అడుగుతున్నట్టున్నాడు. "ఆయ్... ఆయ్ అండీ... చేసేద్దామండీ... ఆయ్" అంటోంది. గొంతులో విసుగు లేదు. అబద్ధం కూడా లేదు. మెత్తగా, మర్యాదగా, పాకంలా సాగింది ఆ మాట. నా చెయ్యి నాకు తెలియకుండానే చొక్కా జేబులోకి వెళ్లి పెన్సిల్ ముక్క ఉందో లేదో తడిమి చూసింది. ఉంది.

మా కోనసీమ బయటివాళ్లకి ఈ 'ఆయ్' సంగతి కొంచెం చెప్పాలి. ఆయ్ అంటే ఔనని. మీరు చెప్పింది విన్నానని. అది సబబేనని. మీ మాటకి ఎదురు చెప్పేంతవాణ్ణి కాదని కూడా. ఇన్ని అర్థాలున్న మాటలో ఒక్క అర్థం మాత్రం లేదు, ఎప్పుడు అన్నది. ముప్పయ్యేళ్లు దగ్గరపడేదాకా ఆ లోటు నాకు తెలియలేదు. తెలియజెప్పినావిడ సువార్త గారు. కొత్తపేటలో నేను మొదట గుమస్తాగా పనిచేసిన హైస్కూలుకి ఆవిడ హెడ్మిస్ట్రెస్. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆవిడ గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. మూడేళ్లు పట్టిందంటే, ఆవిడ నేర్పింది నేను ఎంతవరకు నేర్చుకున్నానో చదివేవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

పొట్టి మనిషి. చుక్కల వాయిల్ చీర, చంకలో నల్ల గొడుగు, ఎడమ చేతికి మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద వాచీ. ఆ వాచీని ఐదు నిమిషాలు ముందుకి తిప్పి పెట్టుకుంటారని టీచర్లు అనుకునేవారు. అది నిజం కాదు. వాచీ సరిగ్గానే ఉండేది, మేమే వెనక ఉండేవాళ్లం. ఆవిడకి కోపం రావడం చాలా అరుదు. వచ్చినప్పుడు గొంతు పెంచేవారు కాదు. మామూలుగా 'నువ్వు' అనే మనిషిని 'మీరు' అనేవారు. స్కూల్లో అందరికీ ఆ సంగతి తెలుసు. ఆవిడ నోట 'మీరు' వినకుండా రిటైరైనవాళ్లు అదృష్టవంతులని డ్రిల్లు మాస్టారు అంటూండేవారు.

నేను బద్ధకస్తుణ్ణని అప్పట్లో ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేవాణ్ణి. రిజిస్టర్లకి అట్టలు వేసేవాణ్ణి, ఎర్ర సిరాతో గీతలు గీసేవాణ్ణి, రబ్బరు స్టాంపులు కడిగి ఎండబెట్టేవాణ్ణి. నా బల్ల చూసినవాళ్లు ఎంత శుభ్రమో అనేవారు. శుభ్రంగా ఉండడానికి కారణం బల్లకున్న సొరుగు. చెయ్యాలంటే భయమేసే కాగితం, ఎవరితోనైనా మాట పడాల్సి వచ్చే కాగితం, సరిగ్గా ఎలా రాయాలో తెలియని కాగితం, ఏదైనా సరే ఆ సొరుగులోకి వెళ్లేది. తేలిక పనులు పది చేసి, బరువైన పని ఒక్కటి దాచేవాణ్ణి. సాయంత్రానికి ఒళ్లు అలిసేది కాబట్టి పని చేశాననే అనుకునేవాణ్ణి.

సువార్త గారు మొదట్లో దాన్ని నవ్వులాటగానే తీసుకున్నారు. ఒకసారి నెలవారీ స్టేట్‌మెంటు గురించి అడిగారు.

"సూరిబాబూ, ఆ స్టేట్‌మెంటు వెళ్లిందా?"

"ఆయ్, పంపించేద్దామండి."

"వెళ్లిందా అని అడిగేను."

"ఆయ్, ఇవాళ..."

"సోమవారం నుంచి లెక్కేస్తే ఇది నాలుగో ఆయ్. నీ ఆయ్‌లన్నీ దండ గుచ్చితే గేటుకి తోరణం కట్టొచ్చురా బాబూ!"

ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ స్టేట్‌మెంటు మర్నాడు వెళ్లిందో, ఆ పైవారం వెళ్లిందో నాకు గుర్తులేదు. నవ్వడం మాత్రం గుర్తుంది. నా ఆలస్యం ఒక ముచ్చటైన అలవాటని, దాన్ని అందరూ భరిస్తారని ఆ నవ్వుతో నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆ వేసవి తర్వాత ఒకరోజు నాగేశ్వర్రావు అనే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. గోదావరి పాయకి అవతల లంకలో ఉంటారు. చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే పని. అరికాళ్లు చెక్కలా బిరుసెక్కి ఉన్నాయి. గుమ్మం బయటే చెప్పులు విడిచి, నేను కూర్చోమన్నా కూర్చోలేదు. కూతురు దుర్గ మా స్కూల్లోనే టెన్త్ పాసైంది. మార్కుల లిస్టులో పుట్టిన సంవత్సరం తప్పు పడింది, ఒక ఏడాది తర్వాత పుట్టినట్టు. లిస్టు జిరాక్సు, దాంతోపాటు కాయితం మీద తనే కష్టపడి రాసుకొచ్చిన అర్జీ నా చేతికిచ్చారు.

నేను అడ్మిషన్ రిజిస్టర్ తీసి చూశాను. రిజిస్టర్లో సరిగ్గానే ఉంది. పరీక్షలకి పంపిన నామినల్ రోల్లో తప్పు పడింది. ఆ రోల్ రాసింది నేనే. పైనున్న పిల్ల వివరం చూసి కింది వరుసలో కూడా అదే అంకె వేసేశాను.

"సరిచేసి పై ఆఫీసుకి పంపాలండి. ఆయ్, పంపించేద్దాం. మీరేం బెంగ పెట్టుకోకండి" అన్నాను.

"ఆయ్. చల్లని మాట చెప్పేరు బాబుగారూ. పిల్లని నర్సు చదివిద్దామనండి. ఆ కాయితాలప్పుడు ఇబ్బంది రాకూడదని" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

ఆ పనికి కావలసింది ఎంత? రిజిస్టర్ నకలు ఒకటి, పై ఆఫీసుకి ఉత్తరం ఒకటి, సువార్త గారి సంతకం. కాని ఉత్తరంలో 'మా కార్యాలయం పొరపాటు వలన' అని రాయాలి. సంతకానికి వెళితే ఎవరి పొరపాటని ఆవిడ అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడం ఇష్టం లేక అర్జీని సొరుగులో పెట్టాను, సోమవారం చూద్దామని. సోమవారం ఇన్‌స్పెక్షన్ వచ్చింది. తర్వాత సోమవారం నా దగ్గర ఏ సాకూ లేదు, అయినా తియ్యలేదు. నెల గడిచాక చిక్కు రెండింతలైంది. ఇప్పుడు పొరపాటుతోపాటు ఆలస్యానికి కూడా కారణం చెప్పాలి. మూడు నెలలకి ఆ సొరుగు తెరవడమే మానేశాను. ఆ కాగితాన్ని మర్చిపోయానని అనగలిగితే ఎంతో బాగుండేది. మర్చిపోలేదు. ఏ పెళ్లిలోనో భోజనానికి కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది. కొబ్బరి చెట్టు మీద మనిషి కనిపిస్తే గుర్తొచ్చేది. గుర్తొచ్చిన ప్రతిసారీ రేపు అనుకునేవాణ్ణి, అలా అనుకోగానే మనసు తేలికపడేది. మందు తాగేవాడికి ఆ పూటకి నొప్పి తగ్గినట్టు.

అలా రెండేళ్లు గడిచాయి.

దుర్గ ఇంటర్ పూర్తిచేసింది. ఒక రోజు ఇంటర్వెల్ దాటాక అటెండరు వచ్చి మేడమ్ గారు రమ్మంటున్నారని చెప్పాడు. గదిలోకి వెళ్లేసరికి నాగేశ్వర్రావు, ఆయన పక్కన దుర్గ నిలబడి ఉన్నారు. సువార్త గారి ముందు నేను చూసిన మార్కుల లిస్టే ఉంది. నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది, సర్టిఫికెట్లు చూసినవాళ్లు పిల్లకి పదిహేడేళ్లు నిండలేదని వెనక్కి పంపారు. నిజానికి నిండాయి. కాగితం మీద నిండలేదు.

"దీని గురించి అప్పట్లో అర్జీ ఇచ్చేరంట. ఇచ్చేరా?" అని నన్ను అడిగారు సువార్త గారు.

నేను తలూపాను.

ఆవిడ నాగేశ్వర్రావు వైపు తిరిగి, "మరి రెండేళ్లల్లో ఒక్కసారన్నా వచ్చి అడగలేదేంటండీ?" అన్నారు.

ఆయన నావైపు చూడకుండా, నన్ను పట్టిస్తున్నానేమో అన్న మొహమాటంతో చెప్పారు: "బాబుగారు ఆయ్ అన్నారు కదండీ. పెద్దోరు ఆయ్ అన్నాక మళ్లీ అడిగితే బాగోదని రాలేదండి."

బయట ఆరో తరగతి పిల్లలు ఎక్కం ఒప్పజెబుతున్న చప్పుడు వినపడుతోంది.

"సూరిబాబు గారూ, మీ సొరుగు పట్టుకురండి" అన్నారు సువార్త గారు.

'మీరు' వచ్చేసింది. అర్జీ తెమ్మని కాదు, సొరుగు తెమ్మని. తెరవక తెరవక చెక్క బిగుసుకుపోయి ఉంది. బల్లకి మోకాలు ఆనించి లాగితే ఊడి నా ఒళ్లో పడింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని వరండా పొడవునా నడిచాను. ఆవిడ బల్ల మీద దాన్ని బోర్లించారు. ఎవరివో ఉత్తరాలు, ఎవరివో సర్టిఫికెట్ల నకళ్లు, డ్రిల్లు మాస్టారు సర్వీసు గురించి పెట్టుకున్న దరఖాస్తు. అట్టడుగు నుంచి నాలుగు మడతల్లో నాగేశ్వర్రావు అర్జీ పైకి వచ్చింది. దుర్గ దాన్ని గుర్తుపట్టింది. "నాన్నా, అదే. నేను పెన్ను ఇచ్చేను కదా" అంది.

"ఇప్పుడు రాయండి. ఇక్కడే కూర్చుని రాయండి. పొరపాటు ఎవరిదో పేరు పెట్టి రాయండి" అన్నారు ఆవిడ. నేను రాశాను. రిజిస్టర్ నకలు తీశాను. ఆవిడ చదివి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, కవరు అంటించారు. అప్పుడు చేతి వాచీ చూసుకున్నారు.

"పదిహేడు నిమిషాలు" అన్నారు.

ఆ కవరు పట్టుకుని ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పై ఆఫీసుకి వెళ్లాను. తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్లాను. ఎవరెవరినో బతిమాలాను. సరిచేసిన లిస్టు చేతికొచ్చేసరికి నెలన్నర పట్టింది. అప్పటికి సీట్లు నిండిపోయాయి, తరగతులు మొదలయ్యాయి. దుర్గ మళ్లీ ఏడాది ఆగాలి.

ఆ సంగతి నాగేశ్వర్రావుకి కబురు చేస్తానన్నాను. సువార్త గారు ఒప్పుకోలేదు. "కబురేంటి? ఇంటికెళ్లి చెప్తావు. నేనూ వస్తాను" అన్నారు. మళ్లీ 'నువ్వు' అన్నందుకు నాకు కొంచెం ధైర్యం వచ్చి, "ఆయ్, ఆదివారం వెళ్దామండి" అన్నాను.

"ఆదివారం నాకు గుడి. శుక్రవారం సాయంత్రం లాంగ్ బెల్ కొట్టగానే బయల్దేరతాం. శుక్రవారం వాళ్లావిడ కువైట్ నుంచి ఫోన్ చేస్తుందంట."

దుర్గ తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

శుక్రవారం లాంగ్ బెల్ మోగడం, ఆవిడ గొడుగు తీసుకోవడం ఒకేసారి జరిగాయి. రేవు దాకా ఆటోలో వెళ్లి పడవెక్కాం. ఇంటి ముందు కొబ్బరి ఆకులు ఆరబోసి ఉన్నాయి. దుర్గ మామ్మ కుర్చీలు వేసి, బొండాలు కొట్టించి ఇచ్చింది. నేను తాగలేదు. సువార్త గారు తాగి, బొండాం కింద పెట్టి, నావైపు చూశారు.

నేను చెప్పాను. తప్పు నాదని, అర్జీ రెండేళ్లు నా దగ్గరే ఉందని, ఈ ఏడాది సీటు పోయిందని. చెబుతున్నంతసేపూ నాగేశ్వర్రావు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నారు. మామ్మే నన్ను గట్టెక్కించబోయింది.

"పోనీలెండి బాబూ. ఎన్ని పనులో మీకు. మర్చిపోయుంటారు."

"మర్చిపోలేదమ్మా. గుర్తుంది. గుర్తుండే చెయ్యలేదు. అదే తప్పు" అన్నారు సువార్త గారు.

దుర్గ అప్పటిదాకా ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉంది. పదిహేడేళ్ల పిల్ల. కోపంగా లేదు, ఏడవడమూ లేదు. "నా చదువు అయ్యాక అమ్మ వచ్చేస్తానందండి. ఇప్పుడు ఇంకో ఏడాది అక్కడే ఉండాలి. అమ్మకెవరు చెప్తారండీ?" అంది.

ఆ ప్రశ్న ఎవరిని అడిగిందో ఆ పిల్లకే తెలియదు. సువార్త గారు మాత్రం నన్నే చూస్తున్నారు.

అయిదున్నర దాటాక ఫోన్ మోగింది. నాగేశ్వర్రావు రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ నా చేతికిచ్చారు. ఆవిడ పేరు వరలక్ష్మి. వెనకాల ఏదో మిషను తిరుగుతున్న చప్పుడు, దూరంగా పరాయి భాషలో ఎవరో కేకేస్తున్న చప్పుడు.

"అమ్మా, నేను స్కూల్లో గుమస్తానండి. సూరిబాబు అంటారు. మీ అమ్మాయి పుట్టిన తేదీ నేనే తప్పు రాశానండి. సరిచేస్తానని చెప్పి చెయ్యలేదు. దానివల్ల ఈ ఏడాది సీటు పోయిందండి. వచ్చే ఏడాది తప్పకుండా వస్తుంది. మీరు ఇంకో ఏడాది..."

అవతల మిషను తిరుగుతూనే ఉంది. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చాలాసేపటికి వినిపించింది.

"ఆయ్" అంది.

అంతే. తర్వాత, "ఆయ్ అండి. పిల్లకోసారి ఇవ్వండి" అంది.

తిరుగు పడవలో పొద్దు వాలుతోంది. మేమిద్దరమే, వెనక పడవవాడు. సువార్త గారు చెప్పులు విప్పి కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నేను ఏడుస్తున్నానో లేదో ఆవిడ చూడలేదు. నీళ్ల వైపే చూస్తూ మాట్లాడారు.

"మా తాత పేరు చిన్నయ్య. మామిడికుదురు దగ్గర ఒక కామందు గారి పొలంలో పాలేరు. నన్ను బోర్డింగు స్కూల్లో చేర్పించడానికి ఒక కాయితం కావలసొచ్చింది. ఈ పిల్ల ఈ ఊరిదేనని కామందు రాసివ్వాలి. తాత రోజూ పని అయ్యేక వెళ్లి అరుగు కింద కూర్చునేవాడు. నేను పక్కన. ఆయన చెడ్డమనిషి కాదు సూరిబాబూ. తిట్టలేదు, కొట్టలేదు. రేపు రారా చిన్నయ్యా అనేవారు, అంతే. పదకొండు రోజులు. పన్నెండో రోజు రాసిచ్చేరు. ఎంతసేపు పట్టిందనుకున్నావు?"

నాకు ఆ పదిహేడు నిమిషాలు గుర్తొచ్చాయి.

"రేపు అనేవాడు అరుగు మీదుంటాడు. వినేవాడు కిందుంటాడు. నీకు బద్ధకమని నువ్వనుకుంటున్నావు. నేనూ అలాగే అనుకుని నవ్వేను, అది నా తప్పు. నువ్వు అరుగెక్కి కూర్చున్నావు. హెడ్మిస్ట్రెస్ కాయితం ఏదన్నా ఆ సొరుగులో ఉందా? పై ఆఫీసర్ది ఉందా? ఆలోచించుకో."

ఆలోచించాను. లేవు. నా ఆలస్యం ఒక్కసారి కూడా పొరపాటున పెద్దవాళ్ల కాగితం మీద పడలేదు.

సోమవారం నేను వెళ్లేసరికి నా బల్లకి సొరుగు లేదు. అది ఉన్నచోట చదరంగా ఒక కన్నం. సొరుగుని ఎనిమిదో తరగతిలో సుద్దముక్కలు వేసుకోవడానికి ఇచ్చేశారు. ఆ తర్వాత ఆ స్కూల్లో పనిచేసిన ఆరేళ్లూ ఆ కన్నంలోంచి నా మోకాళ్లు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. అదే రోజు ఆవిడ ఒక పెన్సిల్ నా ముందు పెట్టారు. "ఆయ్ అనడం మానెయ్యమంటే నీ వల్ల కాదు, నా వల్లా కాదు. అను. కాని ఆయ్ తరవాత ఒక బెల్లు చెప్పు. చెప్పిన బెల్లు కాయితం మీద పెన్సిల్‌తో రాయి. తప్పితే చెరపొద్దు, దాని కిందే ఇంకోటి రాయి."

అప్పటినుంచి నా రోజు బెల్లుల మీద నడిచింది. 'ఆయ్, ఇంటర్వెల్ బెల్లుకండి.' 'ఆయ్, రేపు ప్రేయర్ బెల్లు లోపండి.' మొదట్లో అందరికీ అదో వినోదం. డ్రిల్లు మాస్టారు, "ఏం సూరిబాబూ, టీకి వస్తావా, బెల్లు చూసి చెప్తావా?" అనేవారు. ఇంట్లో మా ఆవిడ బియ్యం తెమ్మంటే అలవాటుగా "ఆయ్, లాంగ్ బెల్లుకి" అనేసి తిట్లు తిన్నాను. "కాపరానికి కూడా బెల్లు కొడతారేంటండీ!" అంది.

రోజూ ప్రేయర్ కాకముందు సువార్త గారు నా బల్ల పక్కనుంచి వెళుతూ, "ఇవాళ ముల్లు ఏది?" అని అడిగేవారు. ఆ రోజు ముట్టుకోవడానికి అన్నిటికంటే భయమేసే కాగితం ఏదని. "చేపలో ముల్లు తీసేకే కదా అన్నంలో కలుపుకుంటాం. ముల్లుంచుకుని చుట్టూ తింటానంటే ఎంతసేపు తింటావు?" అనేవారు. ముల్లు చూపించాలి. మొదటి బెల్లు లోపల అది తీసెయ్యాలి. చాలాసార్లు తీసి చూస్తే అది ముల్లే కాదు, ఉత్తరం ముక్క.

మారిపోయానని చెబితే అబద్ధమవుతుంది. మూడో వారంలోనే రెండు కాగితాలు టిఫిన్ సంచిలో దాచి ఇంటికి పట్టుకెళ్లాను. నాలుగు రోజులు అలా తిప్పాను. అయిదో రోజు గేటు దగ్గర ఆవిడ ఎదురై, "సంచి బరువెక్కినట్టుందే. మీ ఆవిడ క్యారేజీలో ఏం పెడుతోంది, ఫైళ్లా?" అన్నారు. ఆ రెండూ అక్కడే, గేటు స్తంభం మీద పెట్టి రాశాను. ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

ఆవిడ గురించి చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. రిటైరవడానికి నెల రోజుల ముందు ఒక మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేయమన్నారు. ముందు ఒక తెల్లకాగితం ఉంది, ఖాళీగా.

"కూర్చో. లాంగ్ బెల్ దాకా లేవొద్దు. నువ్వెదురుగా ఉంటే నేను తప్పించుకోలేను" అన్నారు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మా ఊరి సమాధుల తోటలో మా తాత సమాధి మీద పేరు లేదు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే పోయేడు. రాయి నేను వేయిస్తానని మా నాన్నతో చెప్పేను. ముప్పయ్యేళ్లు దాటింది." ఆవిడ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. "పుట్టిన ఏడు తెలీదు. పాలేళ్ల పుట్టుక ఎవరు రాసుకుంటారు? తెలుసుకుని చెక్కిద్దామనుకున్నాను. మొదట్లో నిజంగానే వెతికేను. తరవాత వెతుకుతున్నానని చెప్పుకున్నాను. ఆ కామందు పదకొండు రోజులు కూర్చోబెట్టేడని నీకు పడవలో గొప్పగా చెప్పేను చూడు, మరి నేను ఎన్నాళ్లు కూర్చోబెట్టేను?"

ఆవిడ ముందు నేను ఎప్పుడూ తలొంచుకునే కూర్చునేవాణ్ణి. ఆ రోజు ఆవిడ తలొంచుకున్నారు. పుట్టిన ఏడు తప్పు రాసి ఒక పిల్లని ఆపినవాణ్ణి, ఆ విషయంలో మాట్లాడే అర్హత నాకుందో లేదో. అయినా అన్నాను.

"పుట్టిన ఏడు వద్దండి. పేరొక్కటీ రాయండి."

"పేరొక్కటీనా?"

"ఆయ్. పేరు చాలండి."

ఆవిడ రాశారు. చిన్నయ్య, అని రాసి ఆగారు. తర్వాత పక్కనే, కొంచెం పెద్ద అక్షరాలతో, 'గారు' అని రాశారు. చిన్నయ్య గారు. దాని కింద 'మనుమరాలు సువార్త'. కాగితం నావైపు తిప్పి చూపించారు. "బతికున్నన్నాళ్లూ ఎవరూ అనలేదు" అన్నారు. లాంగ్ బెల్ మోగడానికి ఇంకా చాలా టైముంది. వాచీ చూసుకుంటారేమో అనుకున్నాను. చూసుకోలేదు. ఆ వారంలోనే రాయి వేయించారు. నేను ఆ రాయిని ఆవిడ అంత్యక్రియలకి వెళ్లిన రోజు చూశాను. ఆవిణ్ణి దాని పక్కనే పెట్టారు.

దుర్గకి మరుసటి ఏడాది సీటొచ్చింది. చదివింది, ఇప్పుడు నర్సు. వరలక్ష్మి గారు అనుకున్నదానికంటే ఏడాది ఆలస్యంగా తిరిగొచ్చారు. ఆ ఏడాదిలో మామ్మ పోయింది. కోడలికి ఆఖరి చూపు దక్కలేదు. ఈ సంగతి నాగేశ్వర్రావు ఒకసారి బస్టాండులో కనబడి మామూలుగా చెప్పారు, నిందగా కాదు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన ఆయ్ అంటారని తెలుసు.

ఇప్పుడు నేనున్న ఆఫీసులో నా బల్లకి సొరుగు ఉంది. చేరిన రోజే దాన్ని తీయించి గోడకి ఆనించి పెట్టించాను. ఇక్కడ బెల్లులు లేవు కాబట్టి బస్సుల వేళలు రాసుకుంటాను. పదిన్నర రాజోలు బస్సు లోపల, మూడింటి అమలాపురం బస్సు లోపల. కాగితాల మూలల్లో పెన్సిల్ గీతలు చూసి కొత్తవాళ్లు ఇవేం లెక్కలని అడుగుతారు. కొన్ని కాగితాల మీద ఒకదాని కింద ఒకటి మూడు వేళలుంటాయి. చెరపను.

మొన్న కరెంటు వచ్చాక శ్రావణిని పిలిచి, ఆ ఫోన్ చేసినాయనకి ఎప్పుడని చెప్పావమ్మా అని అడిగాను. "ఆయ్, చేసేద్దామన్నానండి" అంది. మళ్లీ ఫోన్ చేసి ఒక వేళ చెప్పమన్నాను. ఎందుకండీ, ఆయనేం తొందర పెట్టలేదు కదా అని వింతగా చూసింది. పెట్టరమ్మా, అన్నాను. తొందర పెట్టరు. అంతకంటే ఎక్కువ చెప్పలేకపోయాను. ఆ పిల్ల చెవిలో వినపడేది తన ఆయ్ ఒక్కటే. నా చెవిలో ఇంకొకటి ఉంది. దూరదేశంలో, మిషను చప్పుడులోంచి, చాలాసేపాగి ఒక మనిషి తన జీవితంలో ఒక ఏడాది నాకిచ్చేస్తూ అన్న ఆయ్.